నల్లగొండ పాత ఇంటి పని డైరీ: చౌడు గోడ, సున్నపు గిలాబు, ఎర్తింగు

ఇల్లు ఎట్ల కొన్నం, ఎంతకు కొన్నం అనేది ఇక్కడ రాస్తలేను. రాయి-మట్టి గోడల పాతిల్లు ఉన్నోళ్లకు పనికొచ్చే లెక్కలు మాత్రం రాస్తున్న. ఎందుకంటే మేము పని మొదలువెట్టినప్పుడు ఎవల్ని అడిగినా "వాటర్‌ప్రూఫ్ కెమికల్ కొట్టించు, టైల్స్ అంటించు" అనుడే తప్ప గోడ ఎందుకు తడుస్తుందో చెప్పినోళ్లు లేరు.

ఇల్లు లతీఫ్ సాబ్ గుట్ట దిక్కు పాత గల్లీల ఉంటది. ముందు మూడు అర్రలు రాయి-మట్టి గోడలు, మందం 20 అంగుళాలు. వెనక వంటర్ర, బాత్రూం తర్వాత ఎప్పుడో ఇటుకతోని కట్టినయి. ఈ డైరీ మొత్తం పక్కగల్లీ వైపున్న పెద్ద అర్ర గురించే, 14 అడుగుల గోడ ఒకటి, దానికి ఆనుకొని మూల తిరిగే 11 అడుగుల గోడ ఒకటి.

దశ 1: నీళ్లు యాడికెళ్లి వస్తున్నయి (ఫిబ్రవరి)

నేల నుంచి 3 అడుగుల 4 అంగుళాల ఎత్తు దాకా లప్పం పొడిపొడిగా రాలుతుంది, తెల్లగా ఉప్పు పూస్తుంది, చెయ్యి పెడితే చల్లగా తగులుతది. అమ్మినాయన రంగులేయించి ఇచ్చిండు గాని ఆ రంగు ఒక్క వానకాలం కూడా ఆగలే. అదే గోడ మీద ఉన్న స్విచ్ బోర్డు పట్టుకుంటే చిమచిమ అంటది, దాని సంగతి దశ 6ల చెప్త.

ముందు చేసిన పరీక్షలు:

1. అడుగున్నర పాలిథీన్ ముక్కను నాలుగు దిక్కుల టేపు వేసి గోడకు అంటించి రెండు రోజులు వదిలేసిన. లోపలి దిక్కు, అంటే గోడకు ఆనిన వైపు నీటి బొట్లు పట్టినయి. బయటి దిక్కు పడితే గాలిల తేమ అనుకోవాలె, లోపల పడితే గోడల నుంచే వస్తున్నట్టు.
2. తేమ మీటరు కొన్న. ఈ మీటర్లు చెక్కకు చేసినయి, రాతిగోడ మీద చూపే అంకె నిజమైన తేమ శాతం కాదు, ఉప్పు ఉంటే ఇంకా ఎక్కువ చూపెడ్తది. కాని ఒకటే చోట మార్కు పెట్టుకొని నెలనెలా చూస్తే పెరుగుతుందా తగ్గుతుందా అనేది తెలుస్తది. నా మొదటి అంకెలు: అడుగు ఎత్తుల 38, రెండు అడుగుల్ల 34, మూడు అడుగుల్ల 29, నాలుగు అడుగుల్ల 12.
3. రాత్రి నల్లాలన్నీ బందు పెట్టి ట్యాంకుల నీటి ఎత్తు గీత పెట్టిన. పొద్దుగాల చూస్తే అంగుళం పావు దిగింది. బాత్రూం గోడల పోయే పైపు జాయింటు కారుతుంది.
4. సన్న ట్రాన్స్‌పరెంట్ పైపుల నీళ్లు నింపి, ఒక కొస లోపల, ఒక కొస బయట పట్టుకొని మట్టం చూసినం. ముందు రోడ్డు మా నేల కంటే 7 అంగుళాలు ఎత్తుల ఉంది.

ఈ నాలుగోది చూసినంక అసలు విషయం అర్థమైంది. సీసీ రోడ్డు మీద సీసీ రోడ్డు వేసుకుంట పోతే ఇండ్లు కిందికి పోయినయి. కడప పక్కన కొంచెం తవ్వితే పాత మెట్టు ఒకటి బయటవడ్డది, అంచు అరిగి నున్నగ ఉంది, అంటే ఒకప్పుడు ఈ ఇంట్లకు ఎక్కి వచ్చేటోళ్లు, ఇప్పుడు దిగి వస్తున్నం. పక్కగల్లీ వైపు మోరీ కూడా రోడ్డుతో పాటు పైకి లేచింది. గోడ మొదలు ఎప్పటికీ తడి మట్టిల్నే ఉంటుంది, గ్రానైటు రాయి నీళ్లు పీల్చదు గాని దాని సందుల్ల ఉన్న మట్టి పీలుస్తది, లోపల బయట సిమెంటు పూసి ఉండేసరికి ఆ నీళ్లు ఆరే దారి లేక పైకి ఎక్కుతుంది. టైల్స్ అంటిస్తే ఆ మూడు అడుగుల తడి ఐదు అడుగులకు పోతది గంతే.

ఖర్చు: మీటరు 1,450, పైపు 240, పాలిథీన్ టేపు 110. మొత్తం 1,800.

దశ 2: బయట తవ్వకం (మార్చి)

గల్లీ వైపు గోడకు మోరీకి మధ్య రెండున్నర అడుగుల జాగ మాదే. దాంట్ల కందకం తీసి, కంకర నింపి, చిల్లుల పైపు వేసి నీళ్లు గోడ దగ్గర ఆగకుండ చేయాలని ప్లాను.

1. ముందుగాల ఒక్క మూలకు చిన్న గుంత తవ్వి పునాది ఎంత లోతు ఉందో చూసుకున్నం. 3 అడుగుల 2 అంగుళాలు. అందుకని కందకం 2 అడుగులే. పునాది కింది దాకా తవ్వితే రాయి-మట్టి గోడ జారే ప్రమాదం ఉంటది.
2. మొత్తం ఒకేసారి తవ్వలే. నాలుగు అడుగుల ముక్క తవ్వుడు, పైపు వేసుడు, కంకర పోసుడు, అటెన్క ఒక ముక్క వదిలిపెట్టి ఇంకో ముక్క. జేసీబీ అయితే గంట పని అన్నరు గాని ఒప్పుకోలే.
3. 4 అంగుళాల పీవీసీ పైపుకు కింది సగంల చిల్లులు, చుట్టూ మట్టిని ఆపి నీళ్లను వదిలే జియో క్లాత్, చుట్టూ 40 ఎంఎం కంకర.

ఫెయిలయింది ఇక్కడ: పైపు వేసి డ్రమ్ము నీళ్లు పోస్తే ఆ కొసకు రావట్లే. వంద అడుగులకు ఒక అడుగు వాలు అంటే 14 అడుగులకు దగ్గర దగ్గర 1.7 అంగుళాలు రావాలె. కొలిస్తే మొత్తం మీద ముప్పావు అంగుళమే ఉంది, పైగా నడుమ జాయింటు దగ్గర పైపు బొడిపె లెక్క లేచింది. ముక్కలు ముక్కలుగా తవ్వినప్పుడు వచ్చే చిక్కు ఇదే, ఒక ముక్కకు ఇంకో ముక్కకు మట్టం కలువదు. విప్పి, గోడ మీద మొదట్నే దారం గీత కొట్టి, ఆ గీత నుంచి కిందికి కొలుచుకుంట మళ్ల వేసినం.

ఇంకో చిక్కు, ఈ పైపు నీళ్లు మోరీల కలుపుదాం అనుకున్నం, కాని మోరీ అడుగే మా పైపు కంటే ఎత్తుల ఉంది. అందుకని వెనక దొడ్డిల గోడకు పది అడుగుల దూరంల ఇంకుడు గుంత. నాలుగు అడుగులకే పరుపు బండ తగిలింది, నల్లగొండల ఇది మామూలే. నింపి చూస్తే తెల్లారేసరికి ఇంకింది, చాలు అనుకున్నం.

బాత్రూం పైపు గోడల నుంచి తీసేసి బయటికెళ్లి కనవడేటట్టు వేయించినం.

ఖర్చు: కూలి 7,600, పైపు ఫిట్టింగులు 1,950, కంకర 2,400, క్లాత్ 600, బాత్రూం పైపు 1,150. ఈ దశ 13,700. ఇప్పటిదాకా 15,500.

దశ 3: సిమెంటు తీసుడు (ఏప్రిల్ మొదట్ల)

తడి గీత కంటే అడుగు పైదాకా, అంటే నాలుగున్నర అడుగుల ఎత్తు వరకు సిమెంటు మొత్తం తీయాలె. రోటరీ హ్యామర్ కిరాయికి తెచ్చినం, మొదలు పెట్టిన కాసేపటికే సందుల్ల ఉన్న చిన్న రాళ్లు రెండు కింద వడ్డయి, గోడ అదురుతుంది. బంద్ పెట్టి సుత్తె, శ్యానంతోనే చేసినం. టైం ఎక్కువే గాని మట్టి గోడకు మిషను వద్దు.

లోపల చూసింది ఇది: సిమెంటు గిలాబు (ప్లాస్టరింగు) 30 నుంచి 35 ఎంఎం మందం, మధ్యల కోళ్ల జాలి పెట్టిన్రు, అది తుప్పు పట్టి ముట్టుకుంటే విరుగుతుంది. పై భాగంల పాత సున్నపు గిలాబు అట్లనే గట్టిగ ఉంది, ఒక దీపపు గూడు కూడా బయటవడ్డది, సిమెంటుతోని మూసేసిన్రు. కింద సందుల్ల మట్టి మాత్రం జొన్నరొట్టె పిండి అంత మెత్తగ ఉంది, బొటనవేలు పెడితే అంగుళంన్నర లోపలికి పోయింది.

ఉప్పు సంగతి. చాలామంది నీళ్లతోని కడుగుతరు. కడిగితే ఉప్పు కరిగి మళ్ల గోడలకే పోతది. కింద పాత పేపర్లు పరిచి, పొడి బ్రష్షుతోని రుద్ది, రాలింది రాలినట్టు ఎత్తి పారేయాలె. మొదటి వారం రోజూ పూసేది, అటెన్క తగ్గింది.

గోడ ఎన్నాళ్లకు ఆరుతది అంటే అంగుళం మందానికి నెల అని ఒక మోటు లెక్క ఉంది. మాది 20 అంగుళాలు. రెండు దిక్కుల నుంచి ఆరుతది అనుకున్నా ఏడాది దగ్గర. అన్నాళ్లు గోడ బోసిగ పెట్టుకొని కూసోలేం, అందుకే సున్నం. సున్నపు గిలాబుల నుంచి తడి బయటికి పోతది, గోడ దాని పని అది చేసుకుంటుంటది.

ఖర్చు: కూలి 4,200, మట్టి ఎత్తిపోసిన ట్రాక్టరు 1,200, మాస్కులు కండ్లద్దాలు 380. ఈ దశ 5,780. ఇప్పటిదాకా 21,280.

దశ 4: మొదటి సున్నపు గిలాబు, పోయింది (ఏప్రిల్ చివర)

రాతి సున్నం పిడుగురాళ్ల నుంచి వచ్చిన మాలు, మిర్యాలగూడ మీదికెళ్లి తెప్పిచ్చుకున్నం. 50 కిలోల బస్తాలు రెండు.

ఉడకబెట్టేటప్పుడు జాగ్రత్త: డ్రమ్ముల ముందు నీళ్లు పోసి, అండ్ల సున్నపు రాయి కొంచెం కొంచెం వేయాలె. రాయి మీద నీళ్లు పోస్తే చిట్లి మొఖం మీద పడతది. వేసిన రెండు నిమిషాలకే కుతకుత ఉడుకుతది, ప్లాస్టిక్ డ్రమ్ము వద్దు, ఇనుప డ్రమ్ము పెట్టాలె. కండ్లద్దాలు లేకుండ ఎవల్నీ దగ్గరికి రానియ్యొద్దు, పిల్లల్ని అసలే.

పని చేసిన సుతారి (మేస్త్రీ) మంచోడే, కాని చేతికి సిమెంటు పని అలవాటు. వారం కూడా మురగని సున్నం తీసి, రోబో సాండ్ (రాయి దంచి చేసిన ఇసుక) కలిపి, ఒకటే మందంగ కొట్టి, ఎండకు వదిలేసి పోయిండు. రెండో రోజుకే గోడంత సన్న పగుళ్లు. పది రోజుల్ల ఇంకో రకం, అక్కడక్కడ గిలాబు మీద చిన్న చిన్న గుంతలు లేచి పెచ్చు ఊడుతుంది, గుంత నడుమ తెల్ల చుక్క. అది సరిగ్గ ఉడకని సున్నపు గింజ, గోడ మీద ఉన్నంక నీళ్లు తాగి ఉబ్బుతది.

పగుళ్లకు కారణం ఇసుకల దొరికింది. గీతలున్న సీసాల ఇసుక, నీళ్లు, చెంచా ఉప్పు వేసి బాగ ఊపి మూడు గంటలు కదలకుండ పెట్టాలె. కింద ఇసుక, పైన దుమ్ము పొర విడిగ కనవడ్తయి. రోబో సాండ్‌ల 120 ఎంఎల్ ఇసుక మీద 15 ఎంఎల్ దుమ్ము, అంటే 12 శాతం పైనే. 8 దాటితే తీసుకోవద్దంటరు. అంత దుమ్ము ఉంటే ఆరేటప్పుడు గుంజుకుంటది, పైగా నల్లగొండ ఎండ, ఆ వారం 44 దాటింది.

ఖర్చు: సున్నం 1,200, రవాణా 500, డ్రమ్ము 900, రోబో సాండ్ 1,500, కూలి 3,600. ఈ దశ 7,700. ఇప్పటిదాకా 28,980. దీంట్ల ఐదు వేలకు పైన గోడ మీదికెళ్లి కిందికి రాలిపోయినట్టే. ఒకటో బస్తాల సగమే వాడినం, మిగిలిన సున్నం డ్రమ్ములనే నీళ్ల కింద ఉంచినం, అది మేలైంది.

దశ 5: రెండోసారి (జూన్, మృగశిర దాటినంక)

పానగల్ దిక్కు ఒక పెద్ద సుతారి ఉన్నడని తెలిసి తోల్కొచ్చినం. డెబ్బై దాటినయ్, తాపీ పట్టడు, కుర్సీల కూసొని చెప్తడు, కొడుకు చేస్తడు. గోడ చూసి అన్న మొదటి మాట, "సిమెంటు పని తీరు చేస్తే సున్నం మాట ఇనదు బిడ్డా. దీనికి తొందర పనికి రాదు."

మార్చినవి, ఎందుకు మార్చినమో:

1. సున్నం: నెల దాటి మురిగింది, వెన్న తీరు అయింది. మళ్ల 2 ఎంఎం జాలిల వడగట్టినం. జాలిల మిగిలిన గింజలు చూస్తే దశ 4ల గుంతలు ఎందుకు లేచినయో వేరే చెప్పే పని లేదు.
2. ఇసుక: దొడ్డు నది ఇసుక. సీసా పరీక్షల 4 శాతం వచ్చింది.
3. ఇటుక పొడి: మెత్తగ కాలిన పాత ఇటుకలు దంచి జల్లెడ పట్టింది. ఇది కలిపితే సున్నం తడిల కూడా గట్టిపడ్తది. నల్లగ మాడిన ఇటుక పనికిరాదు.
4. నీళ్లు: మా బోరు నీళ్లు టీడీఎస్ మీటరుతో (నీళ్లల ఎంత ఉప్పు కరిగి ఉందో చూపెట్టేది) చూస్తే 1,180, నల్లాల వచ్చే కృష్ణ నీళ్లు 310. ఉప్పు గోడకు ఉప్పు నీళ్లు ఎందుకని కలుపుడుకు, తడుపుడుకు అన్నిటికీ నల్లా నీళ్లే.
5. పాళ్లు: కింది పూతకు ఒక పాలు సున్నం, ఒక పాలు ఇటుక పొడి, రెండు పాళ్లు ఇసుక. పై పూతకు ఒకటికి మూడు, ఇసుక సన్న జల్లెడది.

గోడల పెద్ద గుంతలు ముందుగాల రాళ్ల ముక్కలు, సున్నంతోని నింపి నాలుగు రోజులు ఆగినం. అటెన్క 12 ఎంఎం పూత, అది వేలుగోరు దిగనంత గట్టిపడ్డంక 6 ఎంఎం పూత. పూత వేసిన తెల్లారి పొద్దున ఇంకా పచ్చిగ ఉన్నప్పుడు చెక్కతోని గట్టిగ అదిమి రుద్దాలె, సన్న పగుళ్లు అప్పుడే మూసుకుంటయి. ఈ ఒక్క పని మొదటిసారి ఎవలూ చేయలే. కిటికీలకు తడి గోనె సంచులు కట్టి వేడిగాలి రాకుండ చూసినం, గోడ మీదికి పైపుతోని నీళ్లు కొట్టొద్దు, చల్లుడే.

పెద్దాయన బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు కలపాలె అన్నడు. రెండు అడుగుల ముక్క బెల్లంతోని, పక్కన ఇంకో ముక్క ఉత్తగ చేసి చూసినం. నెల తర్వాత మేకుతోని గీకితే నాకైతే తేడా కనవడలే. బెల్లం ముక్క మీదికి చీమలు మాత్రం వచ్చినయి. ఆయనకు చెప్తే "బెల్లం పాతది కాకపాయె" అన్నడు.

రంగు: లప్పం లేదు, ప్లాస్టిక్ పెయింటు లేదు. పల్చటి సున్నం మూడు పూతలు, చిటికెడు నీలి మందు. బట్టలకు అంటుకుంటది అని ఇంట్ల గొడవ అయింది, అందుకని చివరి పూతల కొంచెం బంక కలిపినం. ఇప్పుడు అంటుకుంటలేదు, కొంచెమే.

ఖర్చు: ఇసుక 2,600, ఇటుక పొడి 700, గోనెలు 300, కూలి 6,400. ఈ దశ 10,000. ఇప్పటిదాకా 38,980.

దశ 6: కరెంటు (జులై)

నిజానికి గిలాబు కంటే ముందు చేయాల్సిన పని. ఎలక్ట్రీషియన్ దొరకక వెనక వడ్డది, అందుకే కొత్త గిలాబు కోయకుండ పైపులు గోడ మీదికెళ్లే వేసినం. రాయి గోడకు ఇదే నయం, కోస్తే మళ్ల సందులు కదుల్తయి.

చిమచిమకు కారణం: ఎర్తు వైరు ఉంది, అది పోయి నల్లా ఇనుప పైపుకు కట్టి ఉంది. ఆ ఇనుప పైపు నడుమ ముక్క ఎవరో తీసేసి పీవీసీ వేసిన్రు. అంటే ఎర్తు భూమిల్నే లేదు. ఫేజుకు ఎర్తుకు మధ్య 100 వాట్ల బల్బు పెడితే వెలగనే లేదు. తడి గోడల పాత వైరు తోలు ఊడి లీకు అవుతుంది, ఆ కరెంటు పోయే తొవ్వ లేక బోర్డు మీద ఉంటుంది. మీ ఇంట్ల నల్లా పైపులు మార్చినట్టయితే ఎర్తు ఏడ కట్టి ఉందో ఒకసారి చూసుకోండి.

ఎర్తు గుంత: లెక్క ప్రకారం జీఐ పైపు 2.5 మీటర్లు దిగాలె. ఐదు అడుగులకే బండ. ఎర్తు టెస్టరు కిరాయికి తెచ్చి కొలిస్తే 11 ఓములు, ఈ అంకె ఎంత తక్కువుంటే ఎర్తు అంత మంచిగున్నట్టు. ఇంకుడు గుంత పక్కన, ఎప్పుడు తడి ఉండే జాగల, ఇంకో పైపు దింపి రెండింటినీ కలిపితే 4.6కు వచ్చింది. ఎలక్ట్రీషియన్ బొగ్గు, ఉప్పు వేస్త అన్నడు, వద్దన్న. ఆ ఉప్పు దిగి మళ్ల గోడకే వస్తది, పైపు కూడా తింటది. బెంటొనైట్ పౌడరు (తడి పట్టి ఉంచే బంకమట్టి పొడి) వేసినం.

వైర్లు: లైట్లకు 1.5, ప్లగ్గులకు 2.5, గీజరుకు 4 చదరపు ఎంఎం. మెయిన్ల, కరెంటు లీకైతే లైను బందు చేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. పెట్టంగనే ట్రిప్ అవుడు షురూ. వెనక గది లైటు వేస్తేనే పడుతుంది. వెతికితే ఆ లైటుకు ఫేజు ఒక లైను నుంచి, న్యూట్రల్ పాత మెయిన్ నుంచి పక్కదారిల వస్తుంది. పోయిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు ఒకటి కాకపోతే ఆర్‌సీసీబీ పడుతది, దాని పనే అది. ఎలక్ట్రీషియన్ "అది తీసేద్దం సార్, పాతిండ్లకు సెట్ కాదు" అన్నడు. తీయనియ్యలే, న్యూట్రల్ సరిచేపిచ్చిన, అప్పటి నుంచి పడలే.

ఖర్చు: వైర్లు 7,900, బాక్సు ఎంసీబీలు 3,150, ఆర్‌సీసీబీ 2,250, ఎర్తు రెండు పైపులు పౌడరు 4,900, కూలి 6,500. ఈ దశ 24,700. ఇప్పటిదాకా 63,680.

దశ 7: వానలు అయినంక (అక్టోబర్)

గల్లీ గోడ మీటరు అంకెలు, అదే మార్కుల మీద: అడుగుల 21, రెండు అడుగుల్ల 16, మూడు అడుగుల్ల 11, నాలుగు అడుగుల్ల 9. కింద అడుగు ఎత్తుల సున్నం మీద ఇంకా కొంచెం ఉప్పు పూస్తుంది, వారానికి ఒకసారి బ్రష్షు కొడ్తున్న. ఆ కింది పట్టీ రెండు మూడేండ్లకు ఒకసారి గీకి మళ్ల పూయాల్సి వస్తది అని పెద్దాయన ముందే చెప్పిండు, దానికి రెండు బకెట్ల సున్నం డ్రమ్ముల నీళ్ల కింద దాచి పెట్టిన, ఎన్నేండ్లు ఉన్నా చెడిపోదు.

మిగిలిపోయింది ముందు గోడ. అది నేరుగ రోడ్డుకు ఆనుకొని ఉంది, తవ్వే జాగ మాది కాదు. దాని అంకె అడుగు ఎత్తుల 36, ఫిబ్రవరిల ఎంత ఉందో దగ్గర దగ్గర అంతే. ఇప్పటికైతే కడప మీద ఐదు అంగుళాల బండ లేపి వాన నీళ్లు లోపలికి రాకుండ చేసినం, లోపలి సిమెంటు తీసి ఎండాకాలం దాకా గోడ బోసిగ ఉంచుతున్నం. సుతారి కొడుకు ఆ గోడకు కూలి 5,800 చెప్పిండు, ఫిబ్రవరిల మొదలు. సున్నం మాత్రం డిసెంబర్లనే ఉడకబెడ్తున్న.